పాట పెంచు

"ఇదేమిటి?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ప్రీయాంప్లిఫయరండీ," అంది భార్య.

లెంపకాయ కొట్టాక రెండో ప్రశ్న వేశాడు. "ఎందుకు?"

మేడ మీద కాపురం, కింద ఆస్పత్రి. స్టీరియో మేడ మీదే ఉంటుంది. ఒక జత స్పీకర్లు ఆ గదిలో, ఇంకో జత కింద రోగులు కూర్చునే హాల్లో. చిగుళ్ళకు ఇంజక్షన్ ఇచ్చి, దవడ మొద్దుబారేలోపు పైకొచ్చి భార్యను కొట్టి వెళ్ళడం డాక్టరుకు అలవాటు. ముందు పై స్పీకర్లు కట్టేస్తాడు. తర్వాత "పాట పెంచు" అంటాడు. పెంచేది ఎప్పుడూ ఆమే. కింద హాలు పాటతో నిండిపోతుంది. అరుపులు అందులో కలిసిపోతాయి. ఒకటీ అరా బయటపడినా, పళ్ళ ఆస్పత్రిలో కేకలు ఎవరికి వింత?

నిరుడు పక్కటెముక విరిగింది. మెట్ల మీంచి పడ్డానని అందరికీ చెప్పింది. తండ్రికి మాత్రం నిజం చెప్పింది. ఆయన నమ్మలేదు.

"అల్లుడిది వెన్నలాంటి చెయ్యి తల్లీ. నా పన్ను పీకితే నాకే తెలియలేదు. అలాంటి మనిషి మీద అభాండాలా?"

ఈసారి గొంతు పిసికేస్తానని డాక్టరు ముందే చెప్పి ఉంచాడు.

ఆ ప్రీయాంప్లిఫయరు పెట్టె అమ్మిన మెకానిక్ కూడా వద్దనే అన్నాడు. "సీడీ ప్లేయరుకి ఇది దండగ చెల్లెమ్మా. దాని సిగ్నల్ దిట్టంగానే వస్తుంది, ఉత్త వాల్యూమ్ నాబ్ చాలు. పీలగా వచ్చేదాన్ని లేపి నిలబెట్టాలంటేనే ఇది కావాలి."

"మా ఇంట్లో పీలగానే వస్తోందన్నయ్యా."

అతను ఆమె మెడ మీద కమిలిన మచ్చలు చూశాడు. డాక్టరు బయటికెళ్ళిన వేళ తనే వచ్చి బిగించి వెళ్ళాడు.

ఇప్పుడు డాక్టరు సీడీ పెట్టి, చెవి రిక్కించి విన్నాడు. పాట విషయంలో ఆయనకు పట్టింపులెక్కువ.

"పిసరంత తేడా లేదు. ప్లేయరుకీ యాంప్లిఫయరుకీ మధ్య నా నాబ్ ఒక్కటే ఉండేది. కడిగిన ముత్యంలా వచ్చేది పాట. నడుమ ఈ డబ్బా దేనికి? చెప్పు."

"బాగా వినబడుతుందనండీ."

"ఏం వినబడాలే నీకు?"

పై స్పీకర్లు కట్టేశాడు. ఏసీ వేశాడు. ఆ హోరులో కింద మోత ఉందని తప్ప, అది పాటో మాటో పైకి తెలియదు. తలుపు గడియపెట్టి, తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"పాట పెంచు."

ఆమె కొత్త పెట్టె మీది నాబ్ తిప్పింది. వచ్చి మంచం పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది.

మొదటి గుద్దు కడుపులో పడింది. వంగిపోయిన మనిషిని జుట్టు పట్టి లేపి, తలను మంచం పట్టెకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. రక్తం కంట్లోకి జారింది.

"పక్కటెముక విరిగినా బుద్ధి రాలేదా?"

"విరిచింది మీరే కదండీ."

"నేనే! ఇంకోటీ విరుస్తా. అరుచుకో! కట్టుడు పళ్ళకని వచ్చి మీ నాన్న కిందే కూర్చున్నాడు. పిలుచుకో. ఆ ముసలాడికి నీ నోటికన్నా నా చెయ్యంటేనే నమ్మకం."

కాలితో తన్నాడు. డొక్కలో ఏదో పటుక్కుమంది. ఆమె అరిచింది. మీద కూర్చుని రెండు బొటనవేళ్ళూ గొంతుకు ఆనించాడు. పళ్ళు పీకే వేళ్ళు. పట్టు ఎక్కడ దొరుకుతుందో వాటికి బాగా తెలుసు. ఆమె మడమలు నేలకేసి కొట్టుకున్నాయి.

"నాన్నా," అంది. గాలి తప్ప గొంతు రాలేదు.

తలుపు దడదడలాడింది. పిడికిళ్ళతో కాదు, భుజాలతో గుద్దుతున్నారు.

డాక్టరు చేతులు తీసేశాడు. కోటు తొడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. "మెట్ల మీంచి పడ్డావు, గుర్తుందిగా?" అని, నవ్వు తెచ్చుకుని గడియ తీశాడు.

గుమ్మంలో మామగారు. చేతిలో కింది తలుపుకు వేసే ఇనుప కడ్డీ. ఆయన వెనక మెట్ల నిండా రోగులు, సగం మొద్దుబారిన దవడలతో, నోట్లో దూదులతో.

ఆమె తిప్పిన నాబ్ పాటను పెంచలేదు, ఆపేసింది. పాటకు బదులుగా మంచం పట్టె వెనక అంటించిన చిన్న మైకు, ఊపిరంత సన్నటి ఆ "నాన్నా"తో సహా అన్నీ కింది హాలంతటికీ వినిపించింది.