పనిచెయ్యని మందు

డాక్టర్ భానుశ్రీ ఆ కబురు ఫోనులో చెప్పలేక, గుణదలలో శౌరమ్మ ఇంటికే వెళ్లింది.

శౌరమ్మ జాకెట్లు కుట్టేది. నరాల జబ్బుతో కాళ్లూ చేతులూ చచ్చుబడుతుంటే, ఆస్పత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్నారని విని తనూ చేరింది. రెండేళ్లుగా భర్త ఆమెను ఎత్తుకుని ఆటో ఎక్కించి తీసుకొస్తున్నాడు.

"పరీక్ష ఆపేశామండీ," అంది భానుశ్రీ. "ఆ మందు ఎవరికీ పనిచెయ్యలేదు. ప్రస్తుతానికి మా దగ్గర ఇంకో మందు కూడా లేదు."

ఏడుస్తుందనుకుంది. తిట్టినా పడదామనుకుంది.

"నాకు నిరుడు క్రిస్మస్‌కే తెలుసు డాక్టరుగారూ," అంది శౌరమ్మ. "అప్పటికే గ్లాసెత్తి నీళ్లు తాగలేకపోయాను."

భానుశ్రీ తెల్లబోయింది. "మరెందుకండీ వచ్చారు? వచ్చినప్పుడల్లా అన్ని సూదులు పొడిపించుకుని..."

"నేను మధ్యలో మానేస్తే, అది పనికిరాదని మీకెట్లా తేలుద్ది? నాలాంటి వాళ్లు ఇంకెంతమంది దాన్నే నమ్ముకుని తిరుగుతారో కదా!"

భానుశ్రీ వచ్చేటప్పుడు దారిపొడుగునా కూర్చుకున్న ఓదార్పు మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేది కాదు. వంటింట్లో శౌరమ్మ భర్త ఆమె కోసం అన్నం మెత్తగా పిసుకుతున్నాడు.

శౌరమ్మ అటు చూసి గొంతు తగ్గించింది.

"ఎప్పటికైనా పనిచేసే మందు దొరికితే, నేను లేకపోయినా మా ఆయనకొచ్చి చెప్పండి. ఆయన నోరు తెరిచి అడగడు గానీ, ఎదురుచూస్తాడు."