పక్కసీటు పెడల్

ఆ రాత్రి చిన్న సరుకుల విమానాన్ని ఆమె ఒక్కతే దింపుకొస్తోంది. ఎడమవైపు నుంచి గాలి ఈడ్చి కొడుతోంది. అలాంటి గాలిలో ముక్కును గాలివైపు తిప్పి, విమానాన్ని ఎండ్రకాయలా పక్కవాటుగా నడిపించుకు రావాలి. చక్రాలు నేలను తాకబోయే ముందు కుడి పెడల్ తొక్కి తిన్నగా చేయాలి. ఈ పని ఆమెకు నేర్పింది అక్క. పక్కసీట్లో కూర్చుని, "కంగారు పడకే, నేనున్నాగా" అంటూ తన పెడల్‌ను ముందు మెల్లగా తట్టి, తర్వాత తొక్కేది. రెండు సీట్ల పెడళ్లూ కలిసే కదులుతాయి కాబట్టి, ఆ తట్టడం చెల్లెలి పాదానికి తెలిసేది.

అక్క ఇలాంటి గాలిలోనే పోయి రెండేళ్లయింది.

రన్‌వే దీపాలు దగ్గరయ్యాయి. ఆమె తొక్కబోయేలోపే పాదం కింద పెడల్ మెల్లగా తట్టినట్టు కదిలింది. తర్వాత దానంతటదే లోపలికి దిగింది. ముక్కు తిన్నగా తిరిగింది. చక్రాలు మెత్తగా ఆనాయి.

ఆమె పక్కకు చూడలేదు. చూస్తే ఖాళీ సీటే కనిపిస్తుందేమోనని భయం.

"అక్కా?" అంది.

పెడల్ మళ్ళీ కదల్లేదు. విమానం ఆగకముందే ఆమె ఇంజిన్ వేగం పూర్తిగా పెంచి, మళ్ళీ పైకి లేపేసింది.

"ఏంటమ్మా, చక్కగా దిగావు కదా, మళ్ళీ ఎందుకు లేపావు?" రేడియోలో కంట్రోల్ టవర్ పెద్దాయన గాభరాగా అడిగాడు. "గాలి ఇంకా పెరిగింది. ఇంధనం ఉందా?"

"ఒక్కసారికి సరిపోతుంది బాబాయ్."

చుట్టు తిరిగి దీపాల వైపు దిగుతూ, ఈసారి ఆమె రెండు పాదాలూ పెడళ్ల మీంచి తీసేసింది.