వసూలుకొచ్చే మనిషి

శనివారం కూలి డబ్బు జేబులో వేసుకుని, గంగాధరప్ప సైకిలెక్కబోతుంటే ఎవరో వెనక నుంచి సైకిలును గట్టిగా పట్టుకున్నారు.

తిరిగి చూశాడు. ముందెప్పుడూ ధర్మవరంలో చూడని మనిషి. యాభై దాటిన వయసు, ఎండకు కమిలిన ముఖం, భుజాన తువ్వాలు.

"గంగాధరప్పంటే నువ్వేనా?"

"నేనే. ఎవరప్పా నువ్వు?"

"ముత్యాలప్ప బాకీకి వచ్చినా. ఇరవై రూపాయలు తే."

గంగాధరప్ప జేబుకు చేయి అడ్డం పెట్టుకున్నాడు.

పట్టుచీర నేయడంలో అతని చేయి మంచిదే. అప్పులే చేయి దాటిపోయాయి. రేడియో కంతులు, బట్టల కొట్టులో అరువు, చేబదుళ్లు. ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తెచ్చి, అదీ చాలక చివరికి ముత్యాలప్ప దగ్గర వడ్డీకి తెచ్చాడు. శ్రావణం లోపల తీర్చకపోతే మగ్గం విప్పుకుపోతానని ముత్యాలప్ప కబురు కూడా పంపాడు.

"ఇరవై ఇస్తే ఇంట్లో ఏం తినాల?"

"మిగిలింది నీ పెండ్లాం చేతిలో పెట్టు. హోటలు దోవ పట్టకుండా నేనూ వస్తా పద."

అన్నట్టే వచ్చాడు. వెంకటలక్ష్మమ్మ చేతిలో డబ్బు పడేదాకా వాకిట్లోంచి కదల్లేదు.

అది మొదలు ఏ శనివారమూ తప్పలేదు.

ఒకసారి గంగాధరప్ప వెనక సందులోంచి జారుకోబోయాడు. సందు చివర ఆ మనిషి బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఈ దోవ నాకూ తెలుసులేప్పా," అన్నాడు.

ఇంకోసారి ఏకంగా ఇంట్లోకే వచ్చాడు.

"ఈ రేడియో యాడిది?"

"కంతులకు తెచ్చినా."

"ఇన్ని బాకీలు పెట్టుకోని పాటలు వింటాండావా? ఎత్తు. అంగట్లో ఇచ్చేసి వద్దాం."

గంగాధరప్పకు ఒళ్లు మండింది.

"వసూలుకొచ్చినోడివి వసూలు చేసుకోని పో! నా ఇల్లు దిద్దేదానికి నువ్వెవరు?"

"అరుచుకో. అరుచుకుంటానే రేడియో ఎత్తు."

ఎండలో ఇద్దరూ మోసుకుపోయారు. అంగడాయన ససేమిరా అన్నాడు. ఆ మనిషి అక్కడే బైఠాయించి, రేడియో వెనక్కి తీసుకుని మిగిలిన కంతులు కొట్టేసేదాకా లేవలేదు.

తిరిగి వస్తూ అన్నాడు: "బాకీ తీర్చేదానికి బాకీ చేయొద్దప్పా. ఒక పండక్కి కొత్తబట్ట లేకుంటే ఎవురూ సావరు."

మొదట్లో అతన్ని చూస్తేనే తలుపేసుకునే వెంకటలక్ష్మమ్మ, ఏడాది తిరిగేసరికి శనివారం పొద్దుటే మజ్జిగ చిలికి పెట్టసాగింది.

"ఆయనొచ్చినాకనే మన పొయ్యి వేళకు రగులుకుంటాంది," అంది మొగుడితో.

"ఆ ముత్యాలప్పకు ఇట్లాంటి మనిషి యాడ దొరికినాడో!" అన్నాడు గంగాధరప్ప.

అతనిలోనూ మార్పు వచ్చింది. చేయి చాపబోయి ఆగేవాడు. అంగడి ముందు నిలబడి, కొనకుండానే కదిలిపోయేవాడు. చిన్న బాకీలన్నీ తీరాయి. ముత్యాలప్ప బాకీ ఒక్కటే, అదీ చివరికొచ్చింది.

ఆ శనివారం ఆ మనిషి రాలేదు.

పై వారమూ రాలేదు.

బాకీ డబ్బు జేబులో ఉంటే గంగాధరప్పకు ఇప్పుడు కాలు నిలవడం లేదు. సైకిలు తొక్కుకుంటూ తానే ముత్యాలప్ప ఇంటికి పోయాడు.

"ఇంద సామీ, ఆఖరు దుడ్లు. మీ మనిషి రాలేదని నేనే తెచ్చినా."

"ఏ మనిషప్పా?"

"శనివారం శనివారం వసూలుకొస్తాడే, ఆయన."

ముత్యాలప్ప దుడ్లు పక్కన పెట్టాడు.

"నీకు తెలీదా? తిమ్మప్ప పోయినాడు కదప్పా. బత్తలపల్లెలో. జ్వరమొచ్చి నాలుగు దినాలు కూడా లేడంట."

గంగాధరప్ప అరుగు మీద కూలబడ్డాడు. రెండేళ్లలో ఆ పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మంచి మనిషిని పెట్టుకున్నారు సామీ," అన్నాడు. "మీ దగ్గర ఎన్నేండ్ల నుంచి ఉండాడు?"

"నా దగ్గరా? నేనేం పెట్టుకుంటిని?" అన్నాడు ముత్యాలప్ప. "నీ మగ్గం ఇప్పేదానికి మనుషుల్ని పంపిస్తాంటే, యాడ విన్యాడో ఏమో, ఈ వాకిట్లో అడ్డం నిలబడె. వడ్డీ ఆపెయ్యి, అసలు నేను వారం వారం తెచ్చిస్తా, తేకుంటే నన్నడుగు అనె."

"మీరు ఒప్పుకుంటిరా?"

ముత్యాలప్ప తల దించుకున్నాడు.

"ఎట్ల కాదందునప్పా? నేను మొట్టమొదట మగ్గం ఇప్పించుకొచ్చింది ఆ తిమ్మప్ప ఇంట్లోనే."