ఏడుపు షాట్

"కట్! కట్! మళ్ళీ తోక ఊపింది! యజమాని చచ్చిపోతే తోక ఊపే కుక్కని ఎక్కడైనా చూశావటయ్యా?"

డైరెక్టర్ చేతిలో కాగితాలు నేలకేసి కొట్టాడు. అది పద్నాలుగో టేకు. నిన్నటి ఎపిసోడ్‌లో కుక్కగారి యజమాని పోయాడు. ఇవాళ ఆ కుక్క ఖాళీ కుర్చీ పక్కన పడుకుని, తలుపు వంక చూస్తూ ఏడవాలి. చెయ్యాల్సింది అంతే. కానీ అది కెమెరా వంక చూస్తోంది, తోకతో నేలని టపటపా బాదుతోంది, నాలుక బయటపెట్టి నవ్వుతోంది. ఎందుకంటే కెమెరా పక్కనే కుక్కల మాస్టారు నిలబడ్డాడు. సీరియల్లో కుక్క హీరోని ఎంత ప్రేమగా చూస్తోందో అని మనం మురిసిపోతాం గానీ, పిచ్చివాళ్ళం, అది చూసేది ఎప్పుడూ కెమెరా పక్కన చెయ్యి ఊపే మనిషినే.

"బుడ్డోడా, నవ్వకురా నాన్నా. ఏడుపు మొహం పెట్టు. నా బంగారం కదూ," అని మాస్టారు బతిమాలాడు.

తన పేరు వినబడేసరికి బుడ్డోడు లేచి నిలబడి, ఈసారి తోకతో పాటు నడుము కూడా ఊపాడు.

"ఇక నావల్ల కాదు," అన్నాడు డైరెక్టర్. "మేనేజర్ గారూ, మీరన్న ఆ ఇంకో ట్రైనర్‌కి కబురు పెట్టండి."

"పెట్టేశాను సార్. రేపట్నుంచి వస్తాడు. కుక్కని కూడా వాళ్ళింట్లోనే పెట్టుకుంటాడట. ఏడుపులో స్పెషలిస్టు."

మాస్టారు మేనేజర్ దగ్గరికి వచ్చాడు. "ఏడుపెలా నేర్పుతాడండీ?"

"అది మీకెందుకు? కుక్క కంపెనీది."

మేకప్ అక్క మాస్టారి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "వాడు నాకు తెలుసు తమ్ముడూ. రెండ్రోజులు కడుపు మాడుస్తాడు. చీకటి గదిలో పడేస్తాడు. కుక్క ఏడవక ఏం చేస్తుంది?"

మాస్టారు పరుగున వెళ్ళి డైరెక్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. కళ్ళు తెరవని పిల్లప్పుడు నా చేతికిచ్చారు. సీసాతో పాలు పట్టి పెంచాను. నేను లేకపోతే అది పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు, అడుగు తీసి అడుగు వెయ్యదు."

"అందరూ ఇలాగే అంటారు మాస్టారూ."

"అయితే చూడండి! నేను బయటికెళ్ళి నిలబడతాను. ఈ షాట్ నేను లేకుండా తియ్యండి. వచ్చిందా, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి, నోరెత్తను. రాలేదా, దాన్ని నా దగ్గర్నించి విడదియ్యనని మాటివ్వండి."

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. "సరే, ఇచ్చాను మాట. నడవండి."

రోజూ అయితే, కాస్త బాత్రూముకి వెళ్ళాలన్నా మాస్టారు ఆ కుక్క తల నిమిరి, "కూర్చో నాన్నా, ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్ళేవాడు. ఇవాళ చెప్పలేదు. చెబితే బుద్ధిగా కూర్చుని చెప్పినట్టు చేస్తుందేమోనని భయం. వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. తలుపు మూసుకుంది. పైన ఎర్రబల్బు వెలిగింది. ఆ బల్బు వెలుగుతున్నంతసేపూ తలుపు ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

వరండాలో నీళ్ళ డ్రమ్ము పక్కన గోడకి ఆనుకున్నాడు. "బుడ్డోడా, మొండికెయ్యరా. ఆ కుర్చీ కింద పాడుచెయ్యి. డైరెక్టర్ పిక్క పట్టుకో, ఏం పర్లేదు. ఈ ఒక్కపూట నా పరువు తియ్యరా," అని గొణుక్కున్నాడు.

లోపల కాసేపు చడీచప్పుడూ లేదు. తర్వాత ఒక మూలుగు. అది సాగి సాగి ఊళ అయింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు అలా విన్నవాడు కాదు. చెయ్యి దానంతటదే తలుపు పిడి మీదికి వెళ్ళింది. తలెత్తి ఎర్రబల్బు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బల్బు ఆరింది. ముందుగా మేకప్ అక్క బయటికి వచ్చింది.

"ఏమైందక్కా? కదల్లేదు కదూ?"

"కదల్లేదు తమ్ముడూ. నువ్వు వెళ్ళిన తలుపునే చూస్తూ ఆ కుర్చీ పక్కన కూలబడిపోయింది. పిలిస్తే పలకలేదు. బిస్కెట్టు పెడితే వాసన కూడా చూడలేదు."

"చెప్పానా! నే ముందే చెప్పానా లేదా!" మాస్టారు చిన్నపిల్లాడిలా గంతేశాడు. అక్క మాత్రం అతని మొహం చూడలేక పక్కకి తిరిగి ముక్కు తుడుచుకుంది.

వెనకే డైరెక్టర్ వచ్చాడు. అతని కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. వస్తూనే మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నన్ను క్షమించండి మాస్టారూ. ఆ మూగజీవికి మీరంటే ఇంత ప్రాణమని నాకు తెలియదు. ఆ ఇంకో ట్రైనర్ని రావద్దని చెప్పేశాను."

"మీరు చల్లగా ఉండాలి సార్." మాస్టారు చేతులు విడిపించుకుని తలుపు వైపు జరిగాడు. "పాపం హడలిపోయి ఉంటుంది. ఒక్కసారి కనబడి వస్తాను."

అతను తలుపు తియ్యబోయాడు. డైరెక్టర్ చెయ్యి అడ్డం పెట్టి, మేనేజర్ వైపు తిరిగాడు.

"ఆ ఏడుపు మీద ఇంకో మూడు వందల ఎపిసోడ్లు లాగొచ్చండీ. అన్నాళ్ళూ ఈయన దాని కంటపడకుండా చూసుకోండి."