మాట్లాడుకోని కవలలు

"ఒక్కడి రక్తం సరిపోదా?" అన్నాడు లసానా, వేలు వెనక్కి లాక్కుంటూ.

"సరిపోదన్నా. కవలల పరీక్ష కదా, ఇద్దరిదీ కావాలి," అన్నాడు మలాంగ్. "ఒక్కరిదే ఉంటే డాక్టరమ్మ ఆ ఇంటినే జాబితాలోంచి కొట్టేస్తుంది. అప్పుడు మీ అమ్మకి కంటి ఆపరేషనూ ఉండదు."

మలాంగ్ సముద్రం ఒడ్డు ఊరివాడు. పరిశోధన కేంద్రంలో చేరి ఇంకా నెల కాలేదు. ఒకే పోలికతో పుట్టినవాళ్లకి తిండీ, పొగా, దోమలూ వేరైతే ఒంట్లో ఏం మారుతుందో తెలుసుకోవాలని డాక్టరమ్మ తాపత్రయం. పాత జనాభా పుస్తకం తిరగేస్తే సింతెకుండా ఊళ్లో ఒకే ఒక్క జత దొరికింది. లసానా, ఫుసేని. పరీక్షకి ఒప్పుకున్న ఇంట్లో అందరికీ కేంద్రం ఆసుపత్రిలో వైద్యం ఉచితం.

లసానా తల్లి వైపు చూశాడు. తీడా గుమ్మం పక్కన చాప మీద కూర్చుని వేరుశనగ కాయలు తడుముకుంటూ ఒలుస్తోంది. ఆవిడ రెండు కళ్లలోనూ శుక్లాలు. గింజలు సగం పళ్లెంలో పడుతున్నాయి, సగం కోళ్లకి పోతున్నాయి.

"సరే, పొడువు," అని ఎడమ చెయ్యి చాపాడు లసానా. "కుడిది తినడానికి కావాలి."

మలాంగ్ వేలికి సూది గుచ్చి, నాలుగు చుక్కలు గొట్టంలోకి పట్టి మూత బిగించాడు. వెంట తెచ్చిన తూకం యంత్రం మీద నిలబెట్టి బరువు రాసుకున్నాడు. అరవై మూడు కిలోలు.

"ఇక ఫుసేనిని పిలవండి."

పెరట్లో జొన్నలు దంచుతున్న లసానా మేనత్త న్యిమా రోకలి ఆగింది.

"వాడి పేరు నా దగ్గర ఎత్తకు," అన్నాడు లసానా.

"ఇద్దరికీ మాటల్లేవు నాయనా," అంది న్యిమా. "ఎవరు ముందు పుట్టారన్న తగువు. ఒకడున్న చోటికి రెండోవాడు రాడు."

"ఇంతకీ ఎవరు ముందమ్మా?" తీడాని అడిగాడు మలాంగ్.

"చెప్పను. చెప్తే ఒకడు నా మాట వినడం మానేస్తాడు," అంది తీడా కాయ చిట్లగొడుతూ.

"ఫుసేని చిత్తడికి అవతల చేలో ఉంటాడు," అంది న్యిమా. "నీ మోటారు సైకిలు ఆ బురదలో దిగదు. రోడ్డున చుట్టూ తిరిగి వెళ్లాలి. కానీ తినకుండా కదిలావో, చూడు."

వేరుశనగ పులుసూ అన్నమూ పెద్ద గిన్నెలో వచ్చాయి. మలాంగ్, లసానా చెరోవైపు కూర్చున్నారు. లసానా రెండు రోజులకి సరిపడా తిన్నాడు.

"నీ ఇంటిపేరు బోజాంగ్ కదూ?" అంది న్యిమా. "తెలుస్తూనే ఉందిలే. గిన్నె అడుగు కనబడేదాకా మీవాళ్లు చెయ్యి తియ్యరు."

బోజాంగ్‌లూ, ఈ ఇంటిపేరువాళ్లూ ఎదురుపడితే ఆచారం ప్రకారం ఒకరినొకరు ఆడిపోసుకోవాలి, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. మలాంగ్ తడుముకోలేదు. "మాకు వండిపెట్టడానికే కదత్తా మీవాళ్లు పుట్టింది?"

న్యిమా రోకలి ఎత్తింది. తీడా పళ్లెం పట్టుకుని నవ్వింది. ఆ సందడిలోనే లసానా చెయ్యి కడుక్కుని, మేకల్ని చూసొస్తానని వెళ్లిపోయాడు. మలాంగ్ కూడా లేవబోయాడు గానీ న్యిమా బొగ్గుల మీద టీ పెట్టేసింది. చేదుగా ఒక గ్లాసు, తియ్యగా ఒక గ్లాసు, ఇంకా తియ్యగా మూడోది. మూడోది తాగందే లేవనివ్వలేదు. ఫుసేనికని ఒక మూత గిన్నె కూడా బండికి కట్టింది.

చేలో ఫుసేని చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. కనుబొమల దాకా లాగిన ఊలు టోపీ, నల్ల కళ్లద్దాలు. మోకాళ్ల దాకా బురద. రొప్పుతున్నాడు.

"ఆవు చిత్తడిలో దిగితే తోలుకొచ్చా," అన్నాడు.

"మీ అన్న దగ్గర్నుంచే వస్తున్నానండీ."

"వాడు అన్నేంటి? నేనే ముందు పుట్టా."

మలాంగ్ నాలుక కరుచుకున్నాడు. "ఎడమ చెయ్యి ఇవ్వండి."

"దానికి ముల్లు దిగింది." ఎడమ వేలికి గుడ్డపేలిక కట్టి ఉంది. "కుడిది తీసుకో."

బరువు చూస్తే అరవై మూడు కిలోలే. మలాంగ్ రెండోసారి ఎక్కించి చూశాడు. అంతే. ఇలాంటిది పుస్తకాల్లో కూడా చదవలేదు.

"అత్త పులుసు పంపింది, తినండి."

"కడుపు నిండుగా ఉంది. నువ్వే కానియ్."

తింటూ తింటూ మలాంగ్ ధైర్యం చేశాడు. "మీరిద్దరూ ఒక్కసారి ఒకే గిన్నెలో చెయ్యి పెడితే మీ అమ్మ ఎంత మురిసిపోతుందో."

ఫుసేని టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. చిత్తడికి అవతల ఇల్లున్న వైపు చూస్తూ, "ముందు అమ్మకి కళ్లు రానీ," అన్నాడు.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కాగితం మలాంగ్ ముందు పెట్టి, "ఇంత చక్కగా కలిసిన జతని నేనింతవరకు చూళ్లేదు," అని భుజం తట్టింది. ఆ వారంలోనే తీడాకి ఆపరేషన్ అయింది.

కట్లు విప్పాక మలాంగే ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. తీడా లసానా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఎంతోసేపు చూసింది.

"ముసలాడివైపోయావేంట్రా," అంది.

"ఫుసేనికి కూడా కబురు చెప్పండన్నా," అన్నాడు మలాంగ్. "మళ్లీ ఎండాకాలంలో రక్తానికి వస్తాను. ఈసారి ఇద్దర్నీ ఒక్క గిన్నె ముందు కూర్చోబెట్టకపోతే నా పేరు మలాంగ్ కాదు."

"వచ్చేముందు ఒకరోజు ముందుగా చెప్పి రా," అన్నాడు లసానా.

తీడా కొడుకుని చూసింది, మలాంగ్‌ని చూసింది. "నువ్వు చాలా మంచివాడివి నాయనా," అంటూ అతని చెంప నిమిరింది.

మలాంగ్ బండి ఎక్కబోతూ జాబితా తీసి, రెండు పేర్ల పక్కనా రాసుకున్నాడు: 'ఊళ్లోనే ఉన్నారు. ఆరోగ్యం బాగుంది.'

ఫుసేని ఊరొదిలి అప్పటికి మూడేళ్లు.