మొదటి సంచి

“కాకా! మీరేంది, ఇక్కడ నిలబడ్డరు?”

కమ్యూనిటీ హాలు పక్క తలుపు దగ్గర, బాలింతల తరఫున వచ్చినవాళ్ల మధ్య నిలబడి ఉన్న ముసలాయనను చూసి నిరోష పరుగున వచ్చింది. ఆయన దశరథం. చిట్యాలలో ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి.

“నీ కోసమే వచ్చిన బిడ్డా. ఒక్క మాట...”

“మాటలు తర్వాత. ముందుగాల లోపలికి రాండ్రి.” చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆరేళ్లు షాద్‌నగర్‌లో ఉండి నిరోష ఊరికి తిరిగొచ్చి నాలుగు నెలలే అయింది. రాగానే ఈ పని మొదలుపెట్టింది. పత్తి మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ల పసిపిల్లల కోసం ఇంటింటికీ తిరిగి బట్టలు, బొంతలు, దోమతెరలు, డైపర్లు పోగుచేసింది. పేర్లు రాయించుకున్నవాళ్ల కోసం నలభై సంచులు తయారయ్యాయి. దశరథాన్ని పిలుద్దామని వెళ్తే ఆయన కొట్టు ఉన్న జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం కనబడింది. ఇల్లు కూడా మారారట. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు తనంతట తానే వచ్చాడు.

“ఇస్రాయేలన్నా, ఈ ఆలోచన నాది కాదు, కాకది,” అంది, పక్కన సంచులు సర్దుతున్న తోటి కార్యకర్తతో. “తెలంగాణ వచ్చిన ఏడాది. మా ఆయనకు లారీ తగిలి కాలిరిగి మంచంల ఉన్నడు. నేను పచ్చి బాలింతను. బాబుకు తొడుగుదామంటే అంగీ లేదు. పాత చీర ముక్కల చుట్టి పండబెట్టిన. ఒకనాడు పొద్దుగాల కాక వచ్చి, ‘గీ జుబ్బా కుట్టిన బిడ్డా. కొలత కుదిరిందో లేదో జర నీ కొడుక్కు తొడిగి చూపిస్తవా’ అన్నడు. తొడిగిన. ‘అరె, వానికోసమే కుట్టినట్టున్నది, ఇగ ఇప్పకు’ అని ఎల్లిపోయిండు. అట్ల ఆరు జుబ్బాలకు కొలత చూసిండన్నా!”

ఇస్రాయేలు నవ్వాడు. దశరథం కూడా నవ్వాడు.

“జేబు గూడ పెట్టిన గదా?”

“పెట్టిన్రు. పది దినాల పిల్లగానికి జేబెందుకు కాకా అంటే, ‘రేపు సంపాదిస్తే యాడ పెట్టుకుంటడు’ అన్నరు.”

“అప్పుడు మీ శ్యామలమ్మ చిన్నమ్మ ఉండె,” అన్నాడు దశరథం మెల్లగా, పోయిన భార్యను తలుచుకుంటూ. “నేను జుబ్బాలు కత్తిరిస్తే ఆమె బొంతలు కుట్టేది. మిగిలిన పాప్లిన్ ముక్క ఒక్కటి పారెయ్యనిచ్చేది కాదు. వానకాలమంతా కొట్టుల రేడియో పాడుతుండె, కొత్తగుడ్డ వాసన వస్తుండె. ఏ వాడల ఎవరు నీళ్లాడిన్రో నాకంటె ముందు ఆమెకే తెలిసేది.”

“ఇప్పుడు కుడుతున్నరా కాకా?”

“ఎక్కడిది బిడ్డా. అందరు రెడీమేడ్ కొంటున్నరు. మిషన్ పోయింది. కండ్లు గూడ మసకైనయ్.” ఆయన బల్ల మీది చిన్న టోపీ ఒకటి తీసుకుని, లోపలి కుట్టు గరుకుగా ఉందేమోనని వేలితో తడిమి చూశాడు. “పేరు రాయించుకోనోళ్లకు గూడ ఇస్తున్నరా?”

“వచ్చినోళ్లను ఉత్త చేతులతోని ఎట్ల పంపిస్తం కాకా? మీరు నేర్పిందే గదా.” గురువు తనను పరీక్షిస్తున్నట్టు అనిపించి నిరోష లోలోపల మురిసిపోయింది.

“అట్లయితే నిరోషా, మా ఇంట్ల...”

మైకు కీచుమంది. ఇస్రాయేలు శాలువా తెచ్చి దశరథం భుజాల మీద కప్పాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన తల వంచుకున్నాడు. కళ్లు తుడుచుకోవడం చూసి నిరోషకు కూడా కన్నీళ్లొచ్చాయి. వేదిక కింద ఫొటోలు తీస్తున్నారు.

ఆమె మొదటి సంచి తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

“ఈ పని మీ చేతులతోనే షురువైంది. మొదటి సంచి గూడ మీరు చెప్పినోళ్లకే. చెప్పుండ్రి కాకా, ఎవరి బిడ్డకు ఇద్దాం?”

దశరథం పక్క తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను చూశాడు. సంచిని గుండెకు దగ్గరగా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“నా మనవరాలికి,” అన్నాడు.