ఎండని మక్కలు

కీచుమని బ్రేకు పడింది.

రోడ్డు మీద ఎండబోసిన మక్కలకు, అదే మొక్కజొన్న గింజలకు, జానెడు దూరంలో ఆగింది బాలేష్ బండి. వెనకున్న ఓదెలు, రోజారాణి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఓ అవ్వా! గిది రోడ్డా, నీ కల్లమా?"

పక్కనే గొడుగు కింద కూర్చున్న దుర్గాబాయి తాపీగా చూసింది.

"ఒక్క బండి మీద ముగ్గురు. గది బండా, మీ ఇంట్ల మంచమా?"

రోజారాణి కిసుక్కున నవ్వింది. బాలేష్‌కు ఒళ్లు మండింది.

మండదా మరి? బహదూర్‌పల్లి అవతల, ఇంకా ఇళ్లు లేని ప్లాట్ల మధ్య వేసిన కొత్త రోడ్డది. నున్నగా, తిన్నగా ఉంటుంది. ఆదివారం వస్తే బస్తీ పిల్లలకు అక్కడే రేసు. పదహారేళ్ల బాలేష్‌కు లైసెన్సు లేదు, తలకు హెల్మెట్ లేదు, బండి కూడా వాళ్ల అన్నది. పక్క బస్తీ వాళ్లను ఒక్కసారైనా ఓడించి ఆ వీడియో పెట్టాలని పంతం మాత్రం ఉంది. సరిగ్గా రోడ్డు నడిమధ్యలో, చుట్టూ రాళ్లు పేర్చి మరీ, ఈ ముసలమ్మ మక్కలు!

"ఎప్పుడు తీస్తవ్?"

"ఎండితే తీస్త."

"ఎప్పుడెండుతయ్?"

"గా ఎండనడుగు."

దసరా పోయింది, దీపావళి పోయింది, చలికాలమూ పోయింది. ఆ మక్కలు ఎండితే ఒట్టు.

"ఏంది అవ్వా, నీళ్లల్ల పండినయా ఏంది?"

"జల్దీ ఎండాలంటే తిప్పాలె బిడ్డా. నీ కాళ్లు మస్తు గట్టిగున్నయ్. జర తిప్పు."

ఎప్పుడూ అదే మాట. పిల్లల ముఖాలు చూడదు, కాళ్లు చూసి మురిసిపోతుంది.

రేసు తొందరలో బాలేష్ చెప్పులు విప్పి, మక్కల్లో కాళ్లీడుస్తూ తిప్పేవాడు. మిగతా వాళ్లూ దిగేవారు. తిప్పేసరికి మధ్యాహ్నం. ఆకలేసి అందరూ ఇళ్లకు. రేసు మళ్లీ వచ్చే ఆదివారానికి.

ఒక ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంది.

"ముసలామె లేదురో!" ఓదెలు ఎగిరి గంతేశాడు. పక్క బస్తీ వాళ్లు బండ్లు వరుసగా పెట్టారు.

బాలేష్‌కే అనుమానం.

"రేసు నడిమిట్ల వచ్చి పరిస్తే? చూసొస్త ఆగుండ్రి."

రోజారాణిని ఎక్కించుకుని, రోడ్డు చివర రేకుల ఇళ్లలో ఉన్న ఆమె గదికి వెళ్లాడు. తాళం వేసి ఉంది. గుమ్మం ముందు రెండు బస్తాలు. ఇంటి ఓనరు నర్సమ్మ బియ్యం చెరుగుతోంది.

"దుర్గాబాయా? కొలువు దిగింది, రిటైరైంది. నిన్ననే తమ్ముని ఊరికి వోయింది. ఇగ రాదు."

"మరి పొలం?"

"పొలమేందిరా! గుంట భూమి లేదామెకు."

"గా మక్కలు?"

"కోళ్లకని ఎప్పుడో కొన్నది. కోళ్లు సచ్చినయ్, మక్కలు పురుగు వట్టినయ్. పారెయ్యమంటే ఇనదు. గట్టి కాళ్ల పిలగాడొస్తే ఇయ్యమన్నది. నువ్వేనా?"

"ఏం కొలువు జేసేది?" రోజారాణి అడిగింది.

నర్సమ్మ చెప్పింది.

బాలేష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్కనాడైనా ఆమెతో మంచిగా మాట్లాడలేదే అనుకున్నాడు. బస్తాలు బండి మీద వేసుకుని, నడిపించుకుంటూ తిరిగొచ్చాడు.

రోడ్డు నడిమధ్యలో బస్తా మూతి విప్పాడు.

"పిచ్చి లేసిందారా నీకు?" ఓదెలు అరిచాడు. "రేసెప్పుడు?"

"ఇవి ఎండినంక."

"గవి జన్మల ఎండవు!"

"ఎరుకే. చెప్పులిప్పు, తిప్పు. మంచిగున్నయ్‌రా నీ కాళ్లు."

ఆ మాటకు అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వుతూనే ఓదెలు మక్కల్లో కాళ్లు పెట్టాడు.

"ఇంతకూ గా ముసలామె ఎవలురా?"

బాలేష్ మక్కలు తిప్పుతూనే ఉన్నాడు. రోజారాణే చెప్పింది.

"బండ్ల మీదికెల్లి పడి కాళ్లిరిగిన మనసొంటి పోరగాళ్లను ముప్పై ఏండ్లు ఎత్తి పండవెట్టిన దవాఖాన ఆయమ్మ, వారానికి ఒక్కటే సెలవంట, ఆదివారం."